మందు పేరు ఏం చెబుతుంది, ఏం దాస్తుంది? ఆస్ట్రేలియా ఆధారాలతో ఒక పరిశీలన

2015 డిసెంబరులో ఆస్ట్రేలియా ఫెడరల్ కోర్టు నాలుగు నొప్పి మాత్రల పెట్టెల మీద తీర్పు చెప్పింది. అన్నీ న్యూరోఫెన్ పేరుతో అమ్మినవే. నడుం నొప్పికి ఒక పెట్టె, నెలసరి నొప్పికి ఒకటి, మైగ్రేన్‌కు ఒకటి, ఒత్తిడి తలనొప్పికి ఇంకొకటి. పెట్టెల రంగులు వేరు, పేర్లు వేరు. లోపలి మాత్రల్లో ఉన్నది మాత్రం ఒకే మందు, ఒకే మోతాదు: 342 మిల్లీగ్రాముల ఐబుప్రొఫెన్ లైసిన్. మామూలు న్యూరోఫెన్ కంటే వీటి ధర దాదాపు రెట్టింపు ఉండేది. ఆస్ట్రేలియా పోటీ, వినియోగదారుల కమిషన్ వేసిన ఈ కేసులో, ఆ పేర్లు కొనేవాళ్ళను తప్పుదోవ పట్టించాయని కోర్టు తేల్చింది. రెకిట్ బెంకిజర్ కంపెనీకి 2016లో మొదట 17 లక్షల డాలర్ల జరిమానా పడింది. కమిషన్ అప్పీలుకు వెళ్ళాక అదే ఏడాది డిసెంబరులో ఫుల్ కోర్టు దాన్ని 60 లక్షల డాలర్లకు పెంచింది.

ఈ కేసులో మందు కల్తీది కాదు, పనిచేయనిదీ కాదు. ఆ నాలుగు నొప్పులకూ ఐబుప్రొఫెన్ వాడతారు. తప్పంతా పేరులో ఉంది. నడుం నొప్పి పెట్టె చూసి ఆ మాత్ర నడుముకే పోయి పనిచేస్తుందని నమ్మిన మనిషి, తలనొప్పి వచ్చినప్పుడు రెండో పెట్టె కొంటాడు. రెండూ ఒకేరోజు వేసుకుంటే ఒకే మందును రెండింతలు మింగినట్టే.

మందు పేరును చూసి రోగి ఏం తెలుసుకోగలడు, ఏం తెలుసుకోలేడు అన్నది ఈ వ్యాసం వేసుకున్న ప్రశ్న. ఆస్ట్రేలియా 2016 నుంచి మందుల పేర్ల విషయంలో మూడు పెద్ద మార్పులు చేసింది. వాటిని, వాటి వెనకున్న ఆధారాలను, అక్కడి తెలుగు కుటుంబాలకు వాటితో ఉన్న పనిని వరసగా చూద్దాం. చట్టం చెప్పిందేమిటి, అధ్యయనాల్లో తేలిందేమిటి, వాటి నుంచి మనం ఊహించగలిగిందేమిటి అన్న తేడాను చివరిదాకా విడివిడిగా ఉంచుతాను.

ఒక్క మందు, మూడు పేర్లు

ఏ మందుకైనా మూడు స్థాయిల్లో పేర్లుంటాయి. మొదటిది రసాయన నామం. అది అణువు నిర్మాణాన్ని వర్ణిస్తుంది, రసాయన శాస్త్రజ్ఞులకు తప్ప ఎవరికీ అక్కరలేదు. రెండోది అసలు మందు పేరు. జెనరిక్ పేరు అని మనం అనేది దీన్నే. ఆస్ట్రేలియా లేబుళ్ళు దీన్ని యాక్టివ్ ఇంగ్రీడియెంట్ అంటాయి, అంటే మాత్రలో పనిచేసే పదార్థం. మూడోది కంపెనీ పెట్టుకునే బ్రాండ్ పేరు. పారాసెటమాల్ అసలు పేరు. ఆస్ట్రేలియాలో పనడాల్, పనమాక్స్, డైమడాన్ అన్నా, మన దగ్గర డోలో, క్రోసిన్, కాల్‌పాల్ అన్నా, అమెరికాలో టైలెనాల్ అన్నా అదే మందు. అమెరికా వాళ్ళు అసలు పేరును కూడా మార్చి అసిటమినోఫెన్ అంటారు.

అసలు పేర్లు ప్రపంచమంతటా ఒకేలా ఉండాలన్న ప్రయత్నం 1950లో ప్రపంచ ఆరోగ్య సభ తీర్మానంతో మొదలైంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 1953లో తొలి అంతర్జాతీయ పేర్ల జాబితా ప్రచురించింది. ఈ పేర్ల మీద ఎవరికీ యాజమాన్యం ఉండదు. ఏ కంపెనీ తయారుచేసినా వాడుకోవచ్చు. ఇందులోని మెలకువ పేరు చివర్లోనో మొదట్లోనో వచ్చే ఉమ్మడి ముక్కలో ఉంది. అది మన ఇంటిపేరు లాంటిది. మందు ఏ కుటుంబానిదో చెబుతుంది. టెల్మిసార్టాన్, లోసార్టాన్, కాండెసార్టాన్ ఒక కుటుంబం, రక్తపోటు మందులు. రామిప్రిల్, పెరిండోప్రిల్ మరో కుటుంబం. అటోర్వాస్టాటిన్, రోసువాస్టాటిన్ కొలెస్టరాల్‌ను తగ్గించేవి. సిటాగ్లిప్టిన్, లినాగ్లిప్టిన్ షుగర్ మందులు.

ఈ ముక్క ఎంత పనికొస్తుందో చూపడానికి కంటి చుక్కల మందు ఒకటి చాలు. గ్లాకోమాకు వాడే చుక్కల్లో టిమొలాల్ ఒకటి. అటెనొలాల్, మెటోప్రొలాల్ లాంటి గుండె మందులకూ దీనికీ తోక ఒకటే. ఈ కుటుంబం మందులు ఉబ్బసం ఉన్నవాళ్ళలో ఊపిరి గొట్టాలను బిగించవచ్చు. కంట్లో వేసిన చుక్కలో కొంత రక్తంలోకి చేరుతుంది కాబట్టి టిమొలాల్ చుక్కలకూ ఆ హెచ్చరిక ఉంది. గ్జాలాకామ్ అన్న బ్రాండ్ పేరు చూస్తే ఇదేమీ తెలియదు. అదే పెట్టె మీద లాటనోప్రోస్ట్, టిమొలాల్ అన్న రెండు అసలు పేర్లు చదివితే, ఉబ్బసం ఉన్న మనిషి ఆగి ఫార్మసిస్టును అడిగే అవకాశం ఉంటుంది.

అయితే ఈ ముక్కల మీద మోయలేని బరువు పెట్టకూడదు. కొలెస్టరాల్ మందుల అధికారిక తోక ‘వాస్టాటిన్’. ఉత్తి ‘స్టాటిన్’ కాదు. నిస్టాటిన్ కూడా అలాగే ముగుస్తుంది కానీ అది ఫంగస్ మందు. న్యూయార్క్ రాష్ట్ర ఆరోగ్య శాఖ ప్రయోగశాలలో పుట్టింది కాబట్టి ఆ రాష్ట్రం పేరు మీద దానికి ఆ పేరు పెట్టారు. పాంటోప్రజోల్, ఒమెప్రజోల్ కడుపులో ఆమ్లాన్ని తగ్గిస్తాయి. వాటిలాగే ముగిసే అరిపిప్రజోల్ మానసిక వ్యాధుల మందు. కాబట్టి తోక ఒక సూచన మాత్రమే. ప్రశ్న అడగడానికి అది చాలు, సొంతంగా నిర్ణయం తీసుకోవడానికి చాలదు.

2016: పాత పేర్లు మార్చిన ఆస్ట్రేలియా

ఆస్ట్రేలియాలో మందులను నియంత్రించే సంస్థ థెరప్యూటిక్ గూడ్స్ అడ్మినిస్ట్రేషన్, వాడుకలో టీజీఏ. 1989 నాటి చట్టం కింద పనిచేస్తుంది. మార్కెట్లోకి వచ్చే ప్రతి మందూ దీని రిజిస్టరులో చేరాలి. చేరాక వచ్చే నంబరు పెట్టె మీద ‘ఆస్ట్ ఆర్’ అనో ‘ఆస్ట్ ఎల్’ అనో కనిపిస్తుంది. మొదటిది భద్రత, నాణ్యత, పనితనం మూడింటినీ సంస్థ పరిశీలించిన మందులకు. రెండోది విటమిన్లు, మూలికా మందుల్లాంటి తక్కువ ప్రమాదం ఉన్నవాటికి. వీటిని మార్కెట్లోకి వచ్చే ముందు పనితనం కోసం సంస్థ విడిగా పరీక్షించదు. ఈ రెండక్షరాల తేడా తెలిసి ఉండటం కూడా పేరు చదవడంలో భాగమే.

ఆస్ట్రేలియాలో బ్రిటిష్ వాడుక నుంచి వచ్చిన పాత పేర్లు చాలా ఉండేవి. అంతర్జాతీయ పేర్లతో పొసగని సుమారు 200 పేర్లను మార్చే పని 2016 ఏప్రిల్‌లో మొదలైంది. కంపెనీలు లేబుళ్ళు మార్చుకోవడానికి నాలుగేళ్ళ గడువు ఇచ్చారు. కొన్ని మార్పులు రాతలో తప్ప పలుకులో తెలియవు. సెఫలెక్సిన్, అమాక్సిసిలిన్ స్పెల్లింగులు అలా మారాయి. చెవికి తేడా లేదు. కొన్ని మాత్రం మనిషిని తికమక పెట్టేవి. ఒంట్లో నీరు తీసే ఫ్రుసెమైడ్ ఇప్పుడు ఫ్యూరోసెమైడ్. తిమ్మిరెక్కించే లిగ్నోకెయిన్ ఇప్పుడు లిడోకెయిన్. బెంజ్‌హెక్సాల్ అయితే గుర్తుపట్టలేనంతగా మారి ట్రైహెక్సీఫెనిడిల్ అయింది. ఇలాంటి వాటికి కొత్త పేరు పక్కన పాత పేరును కూడా కొన్నేళ్ళు ముద్రించారు. ఆ జంట పేర్ల కాలం చాలా మందులకు 2023తో ముగిసింది.

ఈ మార్పులో జాగ్రత్తగా గమనించాల్సిన మినహాయింపు అడ్రినలిన్. అంతర్జాతీయ జాబితాలో దాని పేరు ఎపినెఫ్రిన్. ప్రాణం మీదికి వచ్చిన ఎలర్జీకి క్షణాల్లో ఇవ్వాల్సిన ఇంజెక్షన్ అది. ఆస్ట్రేలియా ఆసుపత్రుల్లో అందరి నోటా ఉన్న పేరు అడ్రినలిన్. అందువల్ల ఆ పేరునే ముందు ఉంచి, పక్కన ఎపినెఫ్రిన్ అని కూడా రాసే పద్ధతిని గడువు లేకుండా కొనసాగించారు. నారడ్రినలిన్‌కూ అంతే. అంతర్జాతీయ ఏకరూపత మంచిదే కానీ, అత్యవసర సమయంలో నోటికి వచ్చే పేరును మార్చడం ప్రమాదమని నియంత్రణ సంస్థే ఒప్పుకుంది. నాకు ఇది సరైన తూకంగా కనిపిస్తుంది.

చీటీ మీద, పెట్టె మీద అసలు పేరు

రెండో మార్పు లేబుల్ మీద. 2016 ఆగస్టు 31న అమల్లోకి వచ్చి, నాలుగేళ్ళ గడువుతో 2020 సెప్టెంబరు నుంచి తప్పనిసరి అయిన లేబుల్ ఆదేశాలు అసలు మందు పేరును పెట్టె మీద ప్రస్ఫుటంగా చూపాలన్నాయి. బ్రాండ్ పేరును భూతద్దంలో చూపి, అసలు పేరును మూలన నలుసంత అక్షరాల్లో వేసే అలవాటును ఇది తగ్గించింది. డాక్టరు చీటీ మీద ఇచ్చే మందుల పెట్టెపై, ఫార్మసిస్టు అంటించే లేబుల్ కోసం 70 మి.మీ. పొడవు, 30 మి.మీ. వెడల్పు ఖాళీ వదలాలని కూడా చెప్పింది. చిన్న నిబంధనలాగే అనిపిస్తుంది. కానీ ఫార్మసిస్టు అంటించిన కాగితం అసలు పేరునే కప్పేస్తే పెద్ద అక్షరాలు వేసి ప్రయోజనం ఏముంది?

మూడో మార్పు చీటీ మీద. ఆస్ట్రేలియాలో 1948 నుంచి ప్రభుత్వం మందుల ఖర్చులో కొంత భాగం భరించే పీబీఎస్ పథకం ఉంది. ఈ పథకం కింద డాక్టర్లు కంప్యూటర్లో రాసే చీటీల్లో అసలు మందు పేరే రావాలని 2021 ఫిబ్రవరి 1 నుంచి నియమం తప్పనిసరి అయింది. బ్రాండ్ అవసరమని డాక్టరు అనుకుంటే, అసలు పేరు తర్వాత దాన్ని చేర్చవచ్చు. బ్రాండ్ మార్చవద్దని గుర్తు కూడా పెట్టవచ్చు. చేత్తో రాసే చీటీలకు, వృద్ధాశ్రమాల్లోని కాగితం చార్టులకు, నాలుగు అంతకుమించి మందులు కలిసిన మిశ్రమాలకు ఈ నియమం వర్తించదు.

ఫార్మసిస్టు బ్రాండ్ మార్చి ఇవ్వడం మాత్రం అంతకు ముందునుంచే ఉంది. పీబీఎస్ జాబితాలో ఒకదానికొకటి సమానమని తేలిన బ్రాండ్ల పక్కన ‘ఎ’ అన్న చిన్న గుర్తు ఉంటుంది. డాక్టరు వద్దనకపోతే, రోగి సరేనంటే, ఆ గుర్తున్న బ్రాండ్లలో ఏదైనా ఇవ్వడానికి 1994 డిసెంబరు నుంచి అనుమతి ఉంది.

అసలు పేరు ఒకటైతే అన్ని బ్రాండ్లూ ఎప్పుడూ సమానమేనా? కాదు. ఆస్ట్రేలియాలో వార్ఫరిన్‌కు రెండు బ్రాండ్లు: కూమడిన్, మరెవాన్. రక్తం గడ్డకట్టకుండా చూసే ఈ మందులో మోతాదు కొంచెం అటూ ఇటూ అయినా రక్తస్రావమో గడ్డో రావచ్చు. ఈ రెండు బ్రాండ్లూ సమానమని నిరూపణ కాలేదు కాబట్టి ఒకదానికి బదులు మరొకటి ఇవ్వరు. పైగా రంగులు కూడా కలవవు. కూమడిన్‌లో 5 మి.గ్రా. బిళ్ళ ఆకుపచ్చ, మరెవాన్‌లో అదే 5 మి.గ్రా. గులాబీ రంగు. థైరాయిడ్‌కు ఇచ్చే లెవోథైరాక్సిన్‌దీ ఇలాంటి కథే. యూట్రాక్సిగ్, ఒరాక్సిన్ ఒకదానికొకటి సమానం. ఎల్ట్రాక్సిన్ వాటికి సమానం కాదు. మొదటి రెండింటినీ ఫ్రిజ్‌లో పెట్టమంటారు. హైదరాబాదులో థైరోనార్మ్ సీసాను వంటింటి అలమరలో ఉంచుకున్న అలవాటుతో వీటినీ అక్కడే పెడితే మందు బలం తగ్గుతుంది. ఇలాంటి మందులకు చీటీ మీద అసలు పేరుతో పాటు బ్రాండ్ కూడా రాయడం మంచిదని, ఆరోగ్య సంరక్షణ భద్రత, నాణ్యతలను చూసే ఆస్ట్రేలియా జాతీయ కమిషన్ విడిగా ఒక జాబితానే ఇచ్చింది.

మరో చిక్కు లవణంతో వస్తుంది. పెరిండోప్రిల్ అర్జినైన్ 5 మి.గ్రా., పెరిండోప్రిల్ ఎర్బుమిన్ 4 మి.గ్రా. శరీరానికి ఇచ్చే మందు దాదాపు ఒకటే. లవణం బరువు వేరు కావడంతో అంకె మారింది. మొదట చూసిన న్యూరోఫెన్‌లోని 342 మి.గ్రా. ఐబుప్రొఫెన్ లైసిన్ కూడా 200 మి.గ్రా. ఐబుప్రొఫెన్‌కు సమానం. అంకె పెరిగిందని బలం పెరిగినట్టు కాదు. అంకె తగ్గిందని డాక్టరు మోతాదు తగ్గించినట్టూ కాదు.

ఆధారాలు ఎక్కడి దాకా నిలుస్తాయి

జెనరిక్ మందులో 20 శాతం తక్కువో 25 శాతం ఎక్కువో మందు ఉండవచ్చన్న మాట చాలా చోట్ల వినిపిస్తుంది. ఇది అపార్థం. సమానత పరీక్షలో చూసేది మాత్రలోని మందు బరువును కాదు. రెండు బ్రాండ్లూ వేసుకున్న మనుషుల రక్తంలోకి మొత్తం ఎంత మందు చేరింది, గరిష్ఠంగా ఎంతకు పెరిగింది అన్నది కొలిచి, ఆ రెంటి నిష్పత్తి చూస్తారు. సగటు నిష్పత్తి ఒక్కటీ కాదు, దాని చుట్టూ ఉన్న 90 శాతం విశ్వాస అంతరం మొత్తం 80 నుంచి 125 శాతం లోపల ఉండాలి. అలా ఉండాలంటే సగటు సాధారణంగా 100కు దగ్గరగానే ఉండక తప్పదు. మోతాదు హద్దులు సన్నగా ఉన్న కొన్ని మందులకు ఈ పరిధిని ఇంకా బిగిస్తారు.

గుండె జబ్బుల మందుల మీద 2008లో అమెరికా వైద్య సంఘం పత్రికలో వచ్చిన ఒక సమీక్ష 47 అధ్యయనాలను పరిశీలించింది. వాటిలో 38 యాదృచ్ఛిక పరీక్షలు. జెనరిక్‌లకూ బ్రాండ్ మందులకూ వైద్యపరంగా చెప్పుకోదగ్గ తేడా వాటిలో కనబడలేదు. అదే కాలంలో అదే విషయం మీద వచ్చిన 43 సంపాదకీయాల్లో 23 మాత్రం జెనరిక్ మార్పిడి పట్ల వ్యతిరేకత చూపాయి. పరీక్షలు చెప్పినదానికీ నిపుణుల అభిప్రాయానికీ మధ్య అంత దూరం ఉంది. కానీ ఈ సమీక్ష గుండె మందులకే పరిమితం. మూర్ఛ మందులకో, అవయవ మార్పిడి తర్వాత వాడే మందులకో దీన్ని యథాతథంగా వర్తింపజేయకూడదు.

రసాయనం ఒకటే అయినా మనిషి కంటికి మార్పు మార్పే. గుండెపోటు వచ్చినవాళ్ళ మీద అమెరికాలో జరిగి 2014లో ప్రచురితమైన ఒక అధ్యయనం ఇలా చూపింది: మాత్ర రంగు మారాక మందు మానేసే అవకాశాల నిష్పత్తి 34 శాతం, ఆకారం మారాక 66 శాతం ఎక్కువగా ఉంది. ఇది పరిశీలన అధ్యయనం. సంబంధాన్ని చూపుతుంది తప్ప, రంగు మారడమే కారణమని తేల్చి చెప్పదు. అయినా, ఎరుపు మాత్ర అనో పొద్దుటి తెల్ల బిళ్ళ అనో గుర్తుపెట్టుకునే పెద్దవాళ్ళ విషయంలో ఫార్మసీ కౌంటరు దగ్గర ఒక నిమిషం మాట్లాడటం ఎంత అవసరమో చెప్పడానికి ఈ ఆధారం చాలు.

పేర్ల పోలికను తగ్గించడానికి ఆస్ట్రేలియా ఆసుపత్రుల్లో మరో పద్ధతి ఉంది. కార్బమజెపిన్, కార్బిమజోల్ లాంటి జంటల్లో, తేడా ఉన్న అక్షరాలను ఇంగ్లిష్ పెద్దక్షరాల్లో రాస్తారు. ఒకటి మూర్ఛ మందు, మరొకటి థైరాయిడ్ మందు. ఇలాంటి జంటల జాతీయ జాబితా 2011లో వచ్చింది. ప్రయోగశాల పరీక్షల్లో ఈ పద్ధతి పేర్లను వేరుచేసి చూడటానికి సాయపడిందని కొన్ని అధ్యయనాలు చెప్పాయి. అమెరికాలోని 42 పిల్లల ఆసుపత్రుల తొమ్మిదేళ్ళ సమాచారం మీద 2016లో వచ్చిన విశ్లేషణ మాత్రం, చీటీల్లో పొరపాట్లు గణనీయంగా తగ్గాయని చూపలేకపోయింది. మన లిపిలో పెద్దక్షరాలూ చిన్నక్షరాలూ అన్న భేదమే లేదు కాబట్టి, ఈ పేర్లను తెలుగులో రాసుకునే మనిషికి ఈ ఉపాయం అందదు. ఎందుకు వాడుతున్నామో పక్కన రాసుకోవడం అంతకంటే నమ్మకమైన దారి.

ఇక అంకెల సంగతి. మందులకు సంబంధించిన సమస్యలతో ఆస్ట్రేలియాలో ఏటా రెండున్నర లక్షల మంది ఆసుపత్రిలో చేరుతున్నారని, దానికి 140 కోట్ల డాలర్ల ఖర్చవుతోందని అక్కడి ఫార్మసిస్టుల సంఘం 2019 నివేదికలో అంచనా వేసింది. ఈ అంకె దుష్ప్రభావాలు, తప్పు మోతాదులు, మందు మానేయడం లాంటి అన్ని కారణాలదీ కలిపి. పేర్ల గందరగోళానికి దీన్ని అంటగట్టడం తప్పు. అలాగే చీటీ మీద అసలు పేరు రాయాలన్న నియమం వచ్చిందన్నంత మాత్రాన హాని తగ్గిందని అనేయకూడదు. నియమం ఒక అవకాశాన్ని ఇచ్చింది; చీటీ చేతికొచ్చిన మనిషి దాన్ని చదివినప్పుడే ఫలితం.

తెలుగు ఇళ్ళలో ఇది ఎందుకు ముఖ్యం

2021 జనాభా లెక్కల్లో ఇంట్లో తెలుగు మాట్లాడతామని చెప్పినవాళ్ళు ఆస్ట్రేలియాలో 59 వేలకు పైగా ఉన్నారు. వాళ్ళ తల్లిదండ్రులు గుంటూరు, వరంగల్, హైదరాబాదుల నుంచి కొన్ని నెలల కోసం వస్తారు, బీపీ, షుగర్, థైరాయిడ్ మందులు సంచిలో వేసుకుని. సొంత వాడకానికి మూడు నెలలకు సరిపడా తెచ్చుకోవడానికి ఆస్ట్రేలియా అనుమతిస్తుంది. డాక్టరు చీటీ కానీ ఉత్తరం కానీ వెంట ఉండాలి, మందులు అసలు ప్యాకింగులోనే ఉండాలి, విమానాశ్రయంలో తెలియజేయాలి. స్ట్రిప్పులు కత్తిరించి డబ్బాలో పోసుకొచ్చే అలవాటు ఇక్కడే బెడిసికొడుతుంది. అసలు పేరు ఉన్న ముక్క ఇంట్లో చెత్తబుట్టలోకి పోయి ఉంటుంది.

ఇబ్బంది మొదలయ్యేది మెల్‌బోర్న్‌లోనో సిడ్నీలోనో డాక్టరు దగ్గరికి వెళ్ళినప్పుడు. “టెల్మా వాడుతున్నా, గ్లైకోమెట్ జీపీ వాడుతున్నా, ప్యాన్ డీ వాడుతున్నా” అని పెద్దాయన చెబుతాడు. ఆ డాక్టరుకు తెలిసింది టెల్మిసార్టాన్, దాని బ్రాండ్ మైకార్డిస్. మెట్‌ఫార్మిన్ తెలుసు, డయాబెక్స్ తెలుసు. గ్లైకోమెట్ జీపీ అంటే మెట్‌ఫార్మిన్‌తో పాటు గ్లిమెపిరైడ్ కూడా కలిసిందని బ్రాండ్ పేరు చెప్పదు. గ్లిమెపిరైడ్ రక్తంలో చక్కెరను మరీ కిందికి దించగలదు. అది ఉందని తెలియకుండా మరో షుగర్ మందు కలిపితే ప్రమాదం. ప్యాన్ డీలో పాంటోప్రజోల్‌తో పాటు డోంపెరిడోన్ ఉంటుంది. కొన్ని మందులతో కలిస్తే గుండె లయ మీద ప్రభావం చూపగల మందు అది. బ్రాండ్ పేరు చివర తగిలించిన ఒకటి రెండు అక్షరాల వెనక ఒక మందు మొత్తం దాగి ఉంది.

పారాసెటమాల్ లెక్క కూడా వేసి చూడాలి. జ్వరం వచ్చిన పెద్దాయన డోలో 650ని రోజుకు నాలుగుసార్లు వేసుకుంటే 2,600 మి.గ్రా. అవుతుంది. ఒళ్ళునొప్పులకని అదేరోజు పనడాల్ 500 మాత్రలు రెండేసి చొప్పున నాలుగుసార్లు వేసుకుంటే మరో 4,000. మొత్తం 6,600. పెద్దవాళ్ళకు రోజుకు పరిమితి 4,000 మి.గ్రా.; బరువు తక్కువున్నవాళ్ళకు, కాలేయ జబ్బు ఉన్నవాళ్ళకు ఇంకా తక్కువ. జలుబు మాత్రల్లోనూ పారాసెటమాల్ ఉంటుందన్నది ఈ లెక్కకు అదనం. మోతాదు మించిన పారాసెటమాల్ కాలేయాన్ని దెబ్బతీస్తుంది. ఇలాంటి హానిని తగ్గించడానికే 2025 ఫిబ్రవరి 1 నుంచి ఆస్ట్రేలియా సూపర్‌మార్కెట్లలో ప్యాకు పరిమాణాన్ని 20 నుంచి 16 మాత్రలకు, ఫార్మసీ అరల్లో 100 నుంచి 50కి తగ్గించింది.

ఎలర్జీ విషయంలో పేరు ప్రాణం నిలబెట్టగలదు. పెన్సిలిన్ పడనివాళ్ళకు ఆగ్మెంటిన్ అన్న పేరు ఏ హెచ్చరికా ఇవ్వదు. మన దగ్గరి క్లావమ్, మాక్సికైండ్ సీవీ కూడా అంతే. మూడింటి లోపల ఉన్నది అమాక్సిసిలిన్, క్లావులానిక్ ఆమ్లం. ‘సిలిన్’ అన్న తోక కనబడగానే పెన్సిలిన్ కుటుంబమని గుర్తుపట్టవచ్చు.

ఒకే బ్రాండ్ పేరు దేశానికొక మందుగా ఉండటం కూడా నిజమే. అమెరికాలో ఫ్లోమాక్స్ అంటే ప్రోస్టేట్‌కు వాడే టామ్సులోసిన్. ఇటలీలో అదే పేరుతో వాపు తగ్గించే వేరే మందు అమ్మేవారు. భారతదేశంలో పోలికున్న పేర్ల ప్రమాదాన్ని సుప్రీంకోర్టు 2001లో కాడిలా కేసులో తీవ్రంగా తీసుకుంది. ఫాల్సిగో, ఫాల్సిటాబ్ అన్న రెండు మలేరియా మందుల పేర్ల తగాదా అది. మందుల విషయంలో పేర్ల పోలికను ఇతర సరుకుల కంటే కఠినంగా చూడాలని కోర్టు చెప్పింది. భారత మందుల నిబంధనలకు 2018లో చేసిన సవరణతో లేబుల్ మీద అసలు పేరు బ్రాండ్ పేరు కంటే రెండు ఫాంట్ సైజులు పెద్దదిగా ఉండాలన్న నియమం వచ్చింది. కొన్ని మిశ్రమాలకు వేరే పద్ధతి ఉంది. డాక్టర్లు జెనరిక్ పేరే రాయాలని జాతీయ వైద్య కమిషన్ 2023 ఆగస్టులో తెచ్చిన నిబంధనలు మాత్రం అదే నెలలో నిలిచిపోయాయి. అందువల్ల మన ఊళ్ళ నుంచి వచ్చే చీటీ మీద ఇప్పటికీ ఎక్కువగా ఉండేది బ్రాండ్ పేరే.

తేలిందేమిటి

మందును గుర్తించడానికి బ్రాండ్ కంటే అసలు పేరు నమ్మదగ్గ ఆనవాలు. దేశం మారినా చాలావరకు నిలిచేది అదే, ఎలర్జీని, రెండింతల మోతాదును పట్టిచ్చేదీ అదే. ఈ మేరకు ఆధారం గట్టిగా ఉంది. పేర్ల మార్పుల వల్ల ఆస్ట్రేలియాలో హాని ఎంత తగ్గిందన్నది మాత్రం ఈ ఆధారాలతో చెప్పగలిగింది కాదు. వార్ఫరిన్, లెవోథైరాక్సిన్ లాంటి కొన్ని మందుల్లో అసలు పేరు ఒక్కటే చాలదు, బ్రాండ్‌నూ గుర్తుంచుకోవాలి. కాబట్టి అసలు పేరా, బ్రాండా అని పోటీ పెట్టడం కంటే, అసలు పేరు ముందు, అవసరమైన చోట బ్రాండ్ దాని పక్కన అన్న ఆస్ట్రేలియా పద్ధతే సరైనదని నా అభిప్రాయం.

తల్లిదండ్రులు విమానం ఎక్కేముందే ఒక కాగితం తయారుచేయండి. ప్రతి మందుకూ అసలు పేరు, బలం, మాత్రా చుక్కలా అన్న రూపం, ఎందుకు వాడుతున్నారు, రోజుకు ఎన్నిసార్లు అన్న ఐదు విషయాలు రాయండి. ఇంగ్లిష్‌లో ఒకటి, పెద్దవాళ్ళు చదువుకునేలా తెలుగులో ఒకటి. మిశ్రమం మాత్ర అయితే లోపలున్న ప్రతి మందునూ విడిగా రాయండి. పడని మందులను కాగితం పైనే రాయండి. ఆస్ట్రేలియా ఫార్మసీలో పెట్టె మారితే “లోపల ఉన్నది పాతదేనా, ఇంట్లో ఉన్న పెట్టె ఆపేయాలా?” అని అడగండి. ఇంగ్లిష్‌లో చెప్పుకోలేనివాళ్ళు 131 450 నంబరుకు ఫోన్ చేసి తెలుగు దుబాసీని కోరవచ్చు. మోతాదు మించిందని అనుమానం వస్తే 13 11 26లో విష సమాచార కేంద్రం ఉంది. ఏ మందునూ ఈ వ్యాసం చదివి మానవద్దు, మార్చవద్దు. డాక్టరునో ఫార్మసిస్టునో అడిగి నిర్ణయించండి.

మెల్‌బోర్న్, సిడ్నీ, పెర్త్, బ్రిస్బేన్, అడిలైడ్‌లలోని తెలుగు సంఘాలకు ఒక విన్నపం. ఉగాది, దీపావళి వేడుకల్లో ఒక బల్ల వేసి, మన ఫార్మసిస్టు ఒకరిని కూర్చోబెట్టి, వచ్చిన పెద్దవాళ్ళ మందుల పేర్లు ఆ కాగితం మీద రాయించండి. పెద్ద ఖర్చు లేని పని. వచ్చే ఉగాదికే మొదలుపెట్టండి.